ఏడవడానికి ఎవరూ రావద్దన్నాడు

పోయినవారం ఎనెలెసిని తిసామాలే అనాథపిల్లల ఇంటి గేటు దగ్గర వదిలాం. చేతిలో గంజి గరిటె, వీపుకి చితెంజె గుడ్డతో కట్టుకున్న ఆ ఇంటి చంటివాడు, ఎదురుగా మోటారుసైకిలు దిగిన కొత్త మనిషి. టోపీ తీసి రెండు చేతులతో గుండెలకు ఆనించుకుని అతను అన్న మాట దగ్గర ఆగాం.

"జియోనెకి మేనమామని అక్కా. నా పేరు మసౌకో. మా చెల్లెలు ఫలేసి పోయింది. పిల్లని తీసుకెళ్లడానికొచ్చాను."

ఆ మాట విన్నాక ఎనెలెసికి మొదట కలిగింది దుఃఖం కాదు, భయం. జియోనె ఈ ఇంట్లో ఉందని బయటివాళ్లెవరికీ తెలియకూడదు. పుట్టుకతోనే ఒంట్లో రంగు లేని పిల్ల అది. పాలలాంటి చర్మం, మొక్కజొన్న పీచులాంటి జుట్టు, వెలుతురు ఓర్చుకోలేక ఎప్పుడూ చికిలించే కళ్లు. అలాంటి బిడ్డ ఎముక ముక్క ఇంట్లో ఉంటే సిరి తన్నుకుంటూ వస్తుందని నమ్మేవాళ్లున్నారు. వాళ్ల నమ్మకం మీద బతికేవాళ్లూ ఉన్నారు. ఒక రాత్రి ఎవరో ఫలేసి గుడిసె వెనక గోడకు కన్నం వేశారు. ఆమె అరుపులకు ఊరు లేచింది కాబట్టి పిల్ల దక్కింది. ఆ మర్నాడే పిల్లని వీపున కట్టుకుని బయల్దేరి, దారులు మార్చుకుంటూ ఇంతదూరం తెచ్చి దాచింది ఆ తల్లి. తను కసుంగు వైపు పొగాకు తోటల్లో కూలికి పోయింది. పిల్ల ఏ ఊరి నుంచి వచ్చిందో, తల్లి ఎక్కడుందో ఈ ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు ఇంటిని నడిపే బౌలేని. రెండోది ఎనెలెసి.

మరి ఈ మనిషికెవరు చెప్పారు?

ఎనెలెసికి ఇక్కడ జీతం లేదు. పక్క ఊరి నుంచి పొద్దున్నే నడిచొచ్చి, చేతిపంపు దగ్గర చిన్నపిల్లలకు నీళ్లు పోసి, గజ్జి ఉన్నవాళ్లకు మందు రాసి, గంజి వడ్డించి, పెద్దపిల్లలకు అక్షరాలు దిద్దించి, చీకటి పడకముందే ఇంటికి వెళ్లిపోతుంది. సేవ చేస్తామని సముద్రాలు దాటి వచ్చే తెల్లజాతి కుర్రాళ్లు కొన్నాళ్లు ఉండి, పిల్లలకు పాటలు నేర్పి, కన్నీళ్లు పెట్టుకుని వెళ్లిపోతుంటారు. ఎనెలెసి మాత్రం అలాగే వస్తుంది. సైకిళ్లు బాగుచేసే మొగుడు "నీకు అక్కడ ఏం పెడుతున్నారే?" అని ఎగతాళి చేస్తాడు. ఆమె నవ్వేసి ఊరుకుంటుంది. రోజూ ఉదయం జియోనె మొహానికీ చేతులకూ ఎండమందు రాసి, పొడుగు చేతుల చొక్కా తొడిగి, చెవుల వెనక కూడా మరిచిపోకుండా రాసి, ఆ పిల్ల చక్కిలిగింతలకు కిలకిలా నవ్వుతుంటే వినడం ఆమెకు అలవాటైపోయింది. ఆ అలవాటుకి పేరేమిటో ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"చెల్లెలు పోయిందా? ఎప్పుడు?" అంది ఇప్పుడు, గేటు గడియ మీద చెయ్యి తియ్యకుండానే.

"నిన్న పొద్దుగూకే వేళకక్కా. జ్వరం తలకెక్కింది."

చావు అన్న మాట వంటపాక దాకా వెళ్లింది. వంట చేసే ముసలామె నాంబేవేని ఇక్కడ అందరూ గోగో అంటారు, అవ్వా అన్నట్టు. పిండి చేతులతోనే ఆమె పరుగెత్తుకొచ్చి, నేలమీద చతికిలబడి, రెండు చేతులూ తలమీద పెట్టుకుని రాగం తీసింది. వెనకే వచ్చిన ఇద్దరాడవాళ్లూ కూర్చున్నారు. మసౌకో కూడా గేటు అవతల మట్టిలో కూర్చుని, మొహం టోపీలో దాచుకుని ఏడ్చాడు. భుజాలు కదిలేలా ఏడ్చాడు. ఎనెలెసికి సిగ్గేసింది. తోడబుట్టినదాన్ని పోగొట్టుకున్న మనిషిని గేటు బయట కూర్చోబెట్టి అనుమానంగా చూస్తున్నాను కదా అనుకుంది. గడియ తీసింది.

అప్పుడే చేతిపంపు దగ్గర నుంచి కేక వినిపించింది.

"మామా!"

జియోనె. చేతిలో బకెట్టు పడేసి, నీళ్లు ఒలికిపోతుంటే చూడకుండా, ఎండలో కళ్లు చికిలించుకుని పరుగెత్తుకొస్తోంది. మసౌకో లేచి చేతులు చాచాడు. పిల్ల ఎగిరి అతని మెడకు చుట్టుకుంది.

"ఎంత పొడుగైపోయావే నా తల్లీ! మామ గుర్తున్నాడా?"

"అమ్మేది? అమ్మ వచ్చిందా?"

అతను ఆ చిన్న చెవిలో ఏదో చెప్పాడు. మెడను చుట్టుకున్న చేతులు జారిపోయాయి. జియోనె ఏడవలేదు. కిందికి దిగి, మొహం అతని చొక్కాలో దాచుకుని అలాగే నిలబడిపోయింది. చుట్టూ మూగిన పిల్లలు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు.

గోగో ముక్కు చీదుకుంటూ ఎనెలెసితో మెల్లగా అంది. "నిజం మామే. పిల్ల ఎలా అతుక్కుపోయిందో చూడు."

చూస్తూనే ఉంది ఎనెలెసి. నిజం మామే. అందులో అబద్ధమేమీ కనబడలేదు.

* * *

బౌలేని వరండాలో బెంచీ వేయించాడు. అతనిది భారీ మనిషి, మెత్తటి గొంతు. ఒకప్పుడు ఊరూరా తిరిగి దేవుడి మాట చెప్పినవాడు. మాట్లాడేటప్పుడు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకునే అలవాటు. పిల్లలంతా ఆయన్ని నాన్నగారనే పిలుస్తారు.

"మరణవార్త తెచ్చినవాడికి ముందు మంచినీళ్లివ్వాలి," అన్నాడు.

మసౌకో నీళ్లు తాగాడు. మోకాళ్ల మధ్య జియోనెని నిలబెట్టుకుని, ఆమె జుట్టు నిమురుతూ మాట్లాడాడు. సాయంత్రమే పూడ్చిపెట్టడం. ఈ ఎండలకు శవాన్ని ఉంచలేరు. తల్లి మొహం చూడకుండా బిడ్డ ఎలా ఉంటుంది? ఎండ ముదరకముందే బయల్దేరితే చాలు. పిల్లకు గుడ్డ కప్పి తీసుకెళ్తాడు.

"న్యాయమైన మాట," అన్నాడు బౌలేని. "ఎనెలెసీ, పిల్ల బట్టలు సర్దు."

ఎనెలెసి కదల్లేదు. ఈ వైపు బిడ్డల మీద తండ్రికన్నా మేనమామకే హక్కు. పెళ్లికైనా చావుకైనా అతను ముందుండాలి. అలాంటివాణ్ణి కాదనడానికి తనెవరు? జీతం కూడా లేని మనిషి.

"పిల్ల ఇక్కడుందని మీకెలా తెలిసింది, తమ్ముడూ?" అని మాత్రం అడిగింది.

"ఇంకెవరు చెప్తారక్కా? అదే చెప్పింది. ప్రాణం పోయేముందు నన్ను పిలిపించుకుని, బిడ్డ ఫలానా చోటుందన్నా, దాన్ని వదిలెయ్యకు అంది."

దానికి తిరుగులేదు. చనిపోయేవాళ్లు అలాగే చెప్తారు. ఎనెలెసి తల దించుకుంది.

ఈలోగా గోగో తన పని తను మొదలుపెట్టేసింది. తలకు నల్లగుడ్డ చుట్టుకుని, వంటపాక వైపు తిరిగి గట్టిగా కేకేసింది. "ఒసేయ్, ఆ కొత్త పిండి గంపలో పోయండే! రెండు కట్టెల మోపులు పికప్ మీదకెక్కించండి. కోడిని కూడా పట్టుకోండి. పాటలు పాడే పిల్లలు స్నానాలు చెయ్యాలి, తొందరగా!"

"ఎందుకు గోగో?" అన్నాడు మసౌకో.

"ఎందుకేమిటయ్యా? చావింటికి వట్టిచేతులతో వస్తామా? ఇది మా బిడ్డ. దీని తల్లి మాకు పరాయిదా? మేమందరం వస్తాం. పూడ్చేదాకా పాడతాం. వంట కూడా మేమే చేసిపెడతాం."

"వద్దు," అన్నాడు మసౌకో.

అంతే అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు. అయినా గంపలో పిండి పోస్తున్న ఆడమనిషి చెయ్యి ఆగిపోయింది.

"ఏంటి బాబూ?" అంది గోగో, వినిపించలేదేమో అన్నట్టు.

"వద్దు గోగో. ఎవరూ రావద్దు. పిల్ల ఒక్కతి వస్తే చాలు."

వరండా అంచున గోడకి ఆనుకుని నిలబడ్డ ఎనెలెసి తల ఎత్తి అతని వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎన్ని చావులకెళ్లిందో లెక్కలేదు. ముఖం చూసుకోని దాయాదులు కూడా చావుకు వస్తే మౌనంగా దారి ఇస్తారు. దొంగ అని పేరుపడ్డవాణ్ణీ తోలెయ్యరు. బాటసారి సైకిలు ఆపి కాసేపు కూర్చుని వెళ్తాడు. ఏడవడానికి వస్తామంటే వద్దన్న మనిషిని ఆమె తన జన్మలో చూడలేదు. అలా అన్నవాడి ఇంట్లో చావు ఉండదు. ఉంటే ఆ మాట నోట రాదు.

తన మాట ఎలా వినిపించిందో మసౌకోకీ అర్థమైనట్టుంది. "అంటే, దూరం కదా," అన్నాడు. "అంతమందికి తిండీ నీళ్లూ మా ఊళ్లో కష్టం. కరువు రోజులు."

"అందుకేగా పిండి తెస్తానంటున్నా," అంది గోగో. ఆమె గొంతులో రాగం పోయింది.

మసౌకో బౌలేని వైపు చూశాడు. బౌలేని కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"గోగో, పికప్ అంతమందిని మోయదులే. చావింటి పెద్దే వద్దన్నాడంటే ఏదో కారణం ఉంటుంది. దుఃఖంలో ఉన్న మనిషిని రాపాడించకండి."

అప్పుడు ఎనెలెసి గోడ వదిలి ముందుకు వచ్చింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"తోటలో మేస్త్రీకి ఫోను చేస్తాను. ఫలేసి పోయిందని ఆయన నోటివెంట వింటే, ఈ పిల్లని నేనే నా వీపున కట్టుకుని మీ ఊరు తీసుకొస్తాను తమ్ముడూ. అందాకా పిల్ల కదలదు."

"ఎనెలెసీ!" అన్నాడు బౌలేని.

"ఒక్క ఫోనేగా అయ్యా. ఆలస్యమేముంది?"

మసౌకో ఆమె వైపు చాలాసేపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉంటే ఆమెకు ఇంత భయం వేసేది కాదు. సంతలో మేకను చూసేవాడు, దాని పక్కన కూర్చున్న మనిషి మొండిదా మెత్తనిదా అని అంచనా వేసినట్టు చూశాడు. తరవాత నవ్వాడు.

"మంచిదానివక్కా. పిల్లని ఇంత జాగ్రత్తగా చూసుకుంటున్నందుకు నీకు దణ్ణం పెట్టాలి. అలాగే కనుక్కో. నేనీలోగా మీ ఊరిపెద్ద దగ్గరికెళ్లి, ఆయన మాట కూడా తెచ్చుకుంటా. అప్పుడు నీకూ నాకూ పేచీ ఉండదు."

జియోనె తల మీద చెయ్యి వేసి, "మామ మళ్లీ వస్తాడే" అని, గేటు దాటి వెళ్లాడు. మోటారుసైకిలు స్టార్టు చెయ్యకుండా చాలాదూరం నెట్టుకుంటూ పోయాడు. ఎందుకలా నెడుతున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. ఎటు తిరుగుతాడో శబ్దాన్ని బట్టి తెలియకూడదనేమో అని ఎనెలెసికి తరవాత తోచింది.

* * *

"నువ్వెవరు?" అన్నాడు బౌలేని.

తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరేశాడు. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"అది కాదయ్యా..."

"నువ్వెవరని అడుగుతున్నా. గంజి పోస్తావు, ముక్కులు తుడుస్తావు. సంతోషం. దేవుడు చూస్తాడు. కానీ మేనమామకీ మేనకోడలికీ మధ్య నిలబడ్డానికి నీకేం హక్కుంది? నీకు కడుపు పండలేదు కాబట్టి, ఊళ్లో పిల్లలందరూ నీవాళ్లే అనుకుంటున్నావు."

ఆ మాట ఆమె ఇదివరకూ విన్నది. అత్త నోట, పంపు దగ్గర ఆడవాళ్ల నోట. ఈ నోట వింటుందని మాత్రం అనుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా కదల్లేదు.

"ఏడవడానికి వస్తామంటే వద్దన్నాడయ్యా. మీరు విన్నారు కదా. మీకేమీ అనిపించలేదా?"

బౌలేని అటు తిరిగాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. పొలాల్లో ఎవరో ఎండుగడ్డికి నిప్పుపెట్టారు. పొగ నేలకు ఆనుకుని మెల్లగా పాకుతోంది.

ఆమె బయటికొచ్చేసరికి జియోనె పడకగది మెట్ల మీద, నీడలో, మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఎనెలెసి పక్కన కూర్చోబోతే జరిగిపోయింది.

"నువ్వు చెడ్డదానివి," అంది జియోనె. "మా అమ్మ కోసం ఏడవనివ్వవా?"

మీ అమ్మ బతికే ఉందేమో అని చెప్పడానికి ఎనెలెసికి ధైర్యం చాలలేదు. అది నిజం కాకపోతే పిల్లకి తల్లి రెండుసార్లు చచ్చిపోయినట్టవుతుంది.

"ఇంకాసేపు తల్లీ. ఒక్క మాట కనుక్కుని..."

"మామ మంచివాడు. నీకంటే మంచివాడు. ఊళ్లో మా ఇంటికి ఎప్పుడొచ్చినా నాకు బిస్కట్లు తెస్తాడు. నా గోళ్లు కూడా మామే తీస్తాడు."

"గోళ్లా?"

"ఊఁ. అమ్మని తియ్యనివ్వడు. తనే తీసి, ముక్కలన్నీ ఏరి గుడ్డలో కట్టుకుంటాడు. జుట్టు కత్తిరిస్తే జుట్టు కూడా. మంత్రగాళ్ల చేతిలో పడకుండా దాస్తానంటాడు." పిల్ల ముక్కు ఎగబీల్చింది. "పోయినసారి దారంతో నా చేతులూ కాళ్లూ కొలిచాడు. కొత్త గౌను కుట్టిస్తానన్నాడు. కుట్టించలేదనుకో. మర్చిపోయుంటాడు."

ఎనెలెసి వీపు మీద చంటివాడు నిద్రలో కదిలాడు. ఆమె పిల్లని దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకుంది. జియోనె విడిపించుకోబోయి, చేతకాక, చివరికి ఆ భుజం మీదే మొహం పెట్టి ఏడ్చింది. అప్పటికి ఏడ్చింది.

ఈసారి బౌలేని గదిలోకి తలుపు తట్టకుండానే వెళ్లింది. పిల్ల చెప్పిన మాటలు ఒక్కటీ వదలకుండా చెప్పింది. దారం మాట దగ్గర బౌలేని చెయ్యి ఎత్తాడు, చాలు అన్నట్టు. కుర్చీలో వెనక్కి వాలి, అరచేత్తో మొహమంతా రాసుకున్నాడు. లేచి నిలబడ్డాడు.

"నాదే తప్పు," అన్నాడు. "నిన్ను ఆ మాట అనాల్సింది కాదు. క్షమించు."

"అదిప్పుడెందుకయ్యా..."

"వాడు ఊరిపెద్దతో తిరిగొచ్చాడంటే మనం ఆపలేం. అప్పటికి పిల్ల ఇక్కడ ఉండకూడదు. నేను పికప్‌లో టౌనుకి తీసుకెళ్లి పోలీసు స్టేషన్లో కూర్చోబెడతా. నువ్వు గుట్టెక్కి ఫోను చెయ్యి. ఏమన్నారో తెలుసుకుని ఇక్కడే ఉండు. వాడొస్తే పిల్లకి కడుపునొప్పి, ఆసుపత్రికి పంపామని చెప్పు."

అంతసేపూ ఎనెలెసి ఒంటరిగా మోస్తున్న బరువును ఇంకొకరు ఒక చెయ్యి వేసి పట్టుకున్నట్టయింది. వంగి ఆయన చేతులు పట్టుకుంది. "మీరున్నారు కాబట్టి సరిపోయింది నాన్నగారూ," అంది. ఎప్పుడూ ఆయన్ని అలా పిలవలేదు.

జియోనెకి ఎండమందు రాసి, పొడుగు చేతుల పసుపుపచ్చ చొక్కా తొడిగింది. "నాన్నగారితో టౌనుకెళ్లిరా. వచ్చాక అమ్మ సంగతి చెప్తా. ఒట్టు," అంది. పిల్ల పికప్ ముందుసీట్లో బౌలేని పక్కన కూర్చుంది. తలుపు వేస్తుంటే మాత్రం చెయ్యి బయటపెట్టి ఎనెలెసి వేలు పట్టుకుంది. కోపం పూర్తిగా పోలేదు కానీ, పట్టుకుంది.

డీజిలు పోసుకుని బయల్దేరతాను, నువ్వు పద అన్నాడు బౌలేని. చంటివాణ్ణి గోగో చేతుల్లో పెట్టి ఎనెలెసి గుట్టవైపు నడిచింది.

* * *

ఈ చుట్టుపక్కల ఫోను పలికేది ఆ గుట్టమీదే. అదీ కొసన ఉన్న రాతిబండ ఎక్కితే. రాళ్లు పొయ్యిమీద పెనంలా కాలుతున్నాయి. వానలకు ఇంకా వేళ కాలేదు. గాలి వీస్తే బూడిద వాసన. ఎనెలెసి రొప్పుతూ బండెక్కి, ఫలేసి ఇచ్చిపోయిన తోట మేస్త్రీ నంబరు నొక్కింది. గంట మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ నొక్కింది.

"ఎవరు?" విసుగ్గా వినిపించింది మగగొంతు.

"తిసామాలే నుంచి మాట్లాడుతున్నా అయ్యా. మీ తోటలో ఫలేసి అని..." పోయిందటగా అని అడగలేకపోయింది. "ఫలేసి ఎలా ఉంది?"

"ఎలా ఉండటమేంటి? నారు పోస్తోంది. ఉండు పిలుస్తా. తొందరగా కానియ్యండి, పనివేళ."

ఎనెలెసి బండమీద కూలబడింది. నారు పోస్తోంది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఫోను చెవికి నొక్కుకుని, అటునుంచి ఎవరో కేకెయ్యడం, అడుగుల చప్పుడు వింటూ కూర్చుంది.

"అమ్మా, నేను ఫలేసిని. నా బిడ్డకేమైంది?"

"ఏం కాలేదు, ఏం కాలేదు. బాగుంది. ఫలేసీ, మీ అన్న వచ్చాడు. నువ్వు పోయావని చెప్పి పిల్లని పంపమన్నాడు. పంపలేదు."

అవతల చేతిలోదేదో కిందపడిన చప్పుడైంది.

"ఫలేసీ?"

"అన్నకెలా తెలిసిందమ్మా?" చాలా చిన్న గొంతుతో అడిగింది ఫలేసి. "నీకో మాట చెప్పలేదు నేను. సిగ్గేసి చెప్పలేదు. మా ఇంటిగోడకి కన్నం పడింది చూడు, అది జియోనె ఎప్పుడూ పడుకునే మూల వెనకే పడింది. ఆ పూట దానికి జ్వరమని నా పక్కన పడుకోబెట్టుకున్నా కాబట్టి బతికిపోయింది. ఏ మూల పడుకుంటుందో ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికి తెలుస్తుంది? అన్న ఏడ్చాడు, నన్ను పట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు చూసే నాకు తెలిసిపోయింది. అందుకే వాడికి చెప్పకుండా వచ్చేశా. నేనెక్కడున్నానో కూడా వాడికి తెలీదు."

"చనిపోయేముందు నువ్వే చెప్పావన్నాడు."

"నేను చావలేదమ్మా! ఎవరికీ చెప్పలేదు. నువ్వు చెప్పావా?"

"లేదు."

"మరి?"

ఎనెలెసి నాలుక మీదికొచ్చిన పేరు అక్కడే ఆగిపోయింది. కళ్లజోడు తుడుచుకుంటున్న చేతులు గుర్తొచ్చాయి. మసౌకో వద్దన్న క్షణంలో అతను ఎవరి వైపు చూశాడో గుర్తొచ్చింది. పికప్ మోయదులే అన్న గొంతు గుర్తొచ్చింది. నువ్వు గుట్టెక్కు, నేను తీసుకెళ్తా.

తన చేతులతోనే మందు రాసి, చొక్కా తొడిగి, సీట్లో కూర్చోబెట్టింది.

లేచి నిలబడింది. గుట్టమీంచి దారంతా కనిపిస్తుంది. ఎర్రమట్టి దారి తిసామాలే గేటు నుంచి బయల్దేరి, కాలిన పొలాల మధ్యగా సాగి, పొగాకు కొట్టం దగ్గర రెండుగా చీలుతుంది. కుడివైపుది టౌనుకి, పోలీసు స్టేషనుకి. ఎడమవైపుది అడవి గుండా జాంబియా సరిహద్దుకి. పికప్ కొట్టం దగ్గరికి చేరింది. వేగం తగ్గించింది. ఆగింది.

కొట్టం నీడలోంచి మోటారుసైకిలు బయటికొచ్చింది.

ఊరిపెద్ద దగ్గరికి వెళ్తానన్న మనిషి ఊరివైపే వెళ్లలేదు. పికప్ పక్కన ఆపి, కిటికీలోకి వంగి ఏదో మాట్లాడాడు. ఇంతదూరం నుంచి వాళ్లు బొమ్మల్లా ఉన్నారు. కిటికీలోంచి పసుపుపచ్చ చొక్కా చేయి ఒకటి బయటికొచ్చి, ఉత్సాహంగా, మామకి ఊపినట్టు ఊగింది.

పికప్ ఎడమకు తిరిగింది. మోటారుసైకిలు దాని వెనకే.

"జియోనే!" అని అరిచింది ఎనెలెసి. ఆ అరుపు గుట్ట దిగువదాకా కూడా పోలేదు.

"అమ్మా! ఎందుకరిచావు?" ఫోనులోంచి ఫలేసి గొంతు. "నా బిడ్డ ఎవరి దగ్గరుంది? చెప్పు, నా బిడ్డ ఎవరి దగ్గరుంది?"

ఎనెలెసి కళ్లు ఎడమ దారి వెంట పరుగెత్తాయి. ఆ దారి గుట్టను చుట్టి, అవతలివైపు ఎండిన వాగులో దిగుతుంది. వాగులో ఇసక. బళ్లు అక్కడ మెల్లగా పోవాల్సిందే. దారి వెంట పోతే అందదు. గుట్టకు అవతలి పక్కన దిగితే? అటువైపు ఎవరూ దిగరు. మేకలు కూడా దిగవు.

"ఫలేసీ," అంది. "నేను చేసిన పని ఏమిటో తరవాత చెప్తాను. తిట్టాలనుంటే అప్పుడు తిట్టు. ఇప్పుడు ఫోను పెట్టెయ్యకు. మీ మేస్త్రీ కాళ్లు పట్టుకో, ఇంకో ఫోనులో పోలీసులకు చెప్పించు. తెల్ల పికప్, సరిహద్దు దారి. నడుపుతున్నది బౌలేని."

అవతల నుంచి లేచిన కేక పూర్తయ్యేదాకా ఆమె ఆగలేదు. ఫోనును అలాగే, ఆ తల్లి గొంతుతో సహా నడుముగుడ్డలో దోపుకుంది. చెప్పులు విడిచి బండ అంచుకు వచ్చింది. కింద రాళ్లు, ముళ్లపొదలు, వాటి కింద ఎక్కడో వాగు.

దూరంగా ఇంజను శబ్దం గుట్టను చుడుతూ దగ్గరవుతోంది.

ఎనెలెసి దారి లేని వైపుకి దిగింది.